వెనక నుంచి చెప్పు

2003 జూలై 14, సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు ఇది మొదలైంది. మేడ్చల్ దాటాక లోపలికి ఉన్న ఒక ఊరి ప్రాథమిక పాఠశాల వరండాలో, నాలుగో తరగతి చదువుతున్న నసీమ్ అనే తొమ్మిదేళ్ళ పిల్లను నా ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. ఆ ఊరి పేరు రాయను. తప్పు నాది, బడిది కాదు.

అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్ళు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పద్దెనిమిదేళ్ళు పాఠాలు చెప్పి, సెలవు పెట్టి పీహెచ్‌డీలో చేరాను. మచ్చ బొల్లారంలో మా ఇంటి నుంచి మేడ్చల్‌కు బస్సు, అక్కడి నుంచి షేర్ ఆటో. టీచరుకూ పిల్లలకూ మధ్య ఉండే అనుబంధానికి, పిల్లల వర్కింగ్ మెమరీతో సంబంధం ఉందా అన్నది నా పరిశోధన. వర్కింగ్ మెమరీ అంటే విన్నదాన్ని కాసేపు మనసులో నిలుపుకుని దానితో పని చేయగలగడం. మూడు సరుకులు చెప్పి పిల్లను దుకాణానికి పంపితే, దారిలో వాటిని పోగొట్టుకోకుండా తీసుకెళ్ళేది ఆ శక్తే.

దాన్ని కొలవడానికి డిజిట్ స్పాన్ అనే పరీక్ష పెడతాం. సెకనుకొకటి చొప్పున అంకెలు చదువుతాం. మొదటి భాగంలో పిల్లలు వాటిని అదే వరసలో చెప్పాలి. రెండో భాగంలో చివరి అంకెతో మొదలుపెట్టి మొదటిదాకా రావాలి. కష్టమైనది రెండోదే. అనుబంధం సంగతి తేల్చడానికి టీచర్లకు వేరే ప్రశ్నలుంటాయి: ఈ పిల్ల తన బాధ మీతో చెప్పుకుంటుందా, మీరు ఓదారిస్తే ఊరుకుంటుందా, ఇలాంటివి. మేడ్చల్, శామీర్‌పేట మండలాల్లో నాలుగు బడులు తీసుకున్నాను. బడికి పదహారు మంది, మొత్తం అరవై నాలుగు మంది పిల్లలు.

సూచనలు నేనే తెలుగు చేశాను. రెండో భాగానికి "ఇప్పుడు అంకెలు వెనక నుంచి చెప్పు" అని రాసుకున్నాను. ఇంగ్లీషు కాగితంలో ఒక ఉదాహరణ ఉండేది. దాన్ని నేనే కొట్టేశాను. ఉదాహరణ ఇస్తే నేర్పినట్టవుతుందని నా అభిప్రాయం. అందరికీ ఒకే వాక్యం, ఒక్క అక్షరం ఎక్కువా తక్కువా కాకుండా చదవాలని పట్టుబట్టాను. మా గైడ్ నా శ్రద్ధను మెచ్చుకున్నారు.

మొదటి భాగంలో నసీమ్ ఏడు అంకెల వరకు తడుముకోకుండా చెప్పింది. నేను రెండో భాగం వాక్యం చదివాను. ఆ పిల్ల నా ముఖంలోకి ఒకసారి చూసి, లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది. నేను తల తిప్పకుండా అంకెలు చదివాను. ఆమె అదే వరసలో స్పష్టంగా చెప్పింది. రెండుసార్లు తప్పితే పరీక్ష ఆపేయాలి కాబట్టి ఆపేశాను. మార్కు సున్నా. పక్క గడిలో "కూర్చున్న చోట నిలవదు, సూచన పాటించదు" అని రాశాను.

ఆ బడిలో ఐదు తరగతులకు ఇద్దరే ఉపాధ్యాయులు. హెడ్మాస్టరు గారు మంచివారు. నా కోసం వరండా ఖాళీ చేయించి, ఆఫీసులో ఉన్న ఒక్క కుర్చీ తెచ్చి వేయించారు. మధ్యాహ్నం ఆయన, ఎవరికి నెమ్మదిగా చెప్పాలో తెలుస్తుంది, మార్కులు చూపిస్తే మేలు చేసినవాళ్ళవుతారని అడిగారు. పిల్లల మార్కులు నా సంచీ దాటవని నేను రాతపూర్వకంగా ఒప్పుకుని ఉన్నాను. అయినా చూపించాను. నసీమ్ పేరు దగ్గర ఆయన ఆగి, చెప్పింది ఒకటైతే ఆ పిల్ల చేసేది ఒకటని తనకూ అనుమానం ఉందన్నారు. మర్నాటి నుంచి ఆమెను రెండో తరగతిలో కూర్చోబెట్టారు. రిజిస్టరులో పేరు నాలుగులోనే ఉంది.

సెప్టెంబర్ 1న, సరిగ్గా నలభై తొమ్మిది రోజులకు, రెండో విడత పరీక్షలకు వెళ్ళాను. గేటు దగ్గర నసీమ్ తల్లి కరీమా నిలబడి ఉంది. ద్రాక్ష తోటలో కూలికి వెళ్ళే మనిషి. నా కోసమే ఆ పూట పని మానుకుని వచ్చిందట.

"నా బిడ్డ ఏం తప్పు జేసింది మేడం?" అంది. "మీరే గద ఎన్క నుంచి చెప్పుమన్నది. ఎన్కకు పొయ్యే చెప్పింది. ముందల నిలవడి చెప్పుమంటే ముందలనే చెప్తుండె."

ఆమె ఆగలేదు. రెండో తరగతిలో కూర్చునే పిల్లకు బడి ఎందుకు, తమ్ముణ్ణి చూసుకుంటూ ఇంట్లో ఉంటే తల్లి పూర్తి కూలి తెచ్చుకుంటుంది కదా అని ఇంట్లో భర్త అంటున్నాడట. నెలాఖరు వరకు ఆగమని ఆమె బతిమాలుకుంది. నెల నిన్నటితో అయిపోయింది.

"పెద్ద సదువు సదివేటోళ్ళు, గా ఒక్క ముక్క సక్కగ చెప్పరాదా?" అంది చివరికి.

నసీమ్‌ను పిలిపించాను. ఎలా చెప్పాలో అప్పటికీ నాకు తోచలేదు. కరీమాయే కూతురి భుజం మీద చెయ్యి వేసి చెప్పింది: "ఉల్టా చెప్పాలె బేటా. ఆఖరుది ముందుగాల."

నేను రెండు అంకెలతో మొదలుపెట్టాను. నసీమ్ ఐదు అంకెలను తలకిందులు చేసి ఒప్పగించింది. ఆ బడిలో అంతవరకు ఎవరూ రెండు దాటలేదు.

"గిట్లనా? గిట్లని ఆ పొద్దే చెప్తే అయిపోవు గద," అంది నసీమ్.

తల్లి సాయం ఉంది కనుక ఆ మార్కు నా పుస్తకంలోకి ఎక్కదు. కానీ కరీమాను వెంటబెట్టుకుని హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళి, తప్పు ఎక్కడ జరిగిందో వాక్యం చదివి వినిపించాను. ఆయన ఆ కాగితం తీసుకుని తనే మళ్ళీ చదివారు.

"మీ కాయితాన్ని నమ్మిన మేడం," అన్నారు. "దినాం కండ్లముందల ఉండే పిల్లను నమ్మకపోతిని."

అప్పటికప్పుడే నసీమ్ పలకా సంచీ నాలుగో తరగతిలోకి వచ్చాయి. ఆ సాయంత్రం ఆయనే వాళ్ళ ఇంటికి వెళ్ళి ఆమె తండ్రితో మాట్లాడారు. పిల్ల బడి మానలేదు.

ఇంటికి వచ్చి అరవై నాలుగు కాగితాలూ ముందు వేసుకున్నాను. "లేచాడు", "లేచింది" అని తొమ్మిదింటి మీద నా చేతిరాతే ఉంది. మూడు బడుల్లో రెండో భాగం దాదాపు అన్నీ సున్నాలు. శామీర్‌పేట వైపు బడిలో మాత్రం పదహారు మందీ బాగా చెప్పారు. అక్కడి సువర్ణ టీచరుకు పిల్లలతో అనుబంధం కూడా అందరికంటే ఎక్కువ అని ప్రశ్నావళిలో తేలింది. ఆ రెండూ కలిపే నేను ఒక అధ్యాయం రాసి ఉంచాను.

మర్నాడే శామీర్‌పేట బస్సెక్కాను. పరీక్షకు ముందు పిల్లలకు ఏమైనా చెప్పారా అని సువర్ణను అడిగాను.

"మొదలు పోయొచ్చిన పిల్ల ఏడ్సుకుంట వచ్చింది మేడం, మీ మాట సమజ్ కాలేదని. మీరు ఏం చెప్పుమన్నరో అడిగి, ఉల్టా చెప్పాలెనేమో అని అందరికీ చెప్పిన," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "చెప్పొద్దుండెనా?"

చెప్పాల్సిందేనన్నాను. పరీక్ష మధ్యలో ఏడుపందుకున్న ఆ మొదటి పిల్లను నేను మర్నాడు మళ్ళీ కూర్చోబెట్టిన సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది.

అర్థం కాలేదని ఏడుస్తూ వెళ్ళి చెప్పుకోవడానికి ఆ పిల్లకు ఒక టీచరు ఉంది. నసీమ్‌కు ఆ బడిలో అలాంటి వాళ్ళు లేరు, ఇంట్లో తల్లి ఉంది. అనుబంధం జ్ఞాపకశక్తిని పెంచుతుందో లేదో నా లెక్కల్లో తేలలేదు. పిల్ల సరిగ్గా వినకపోవడానికీ, నేను సరిగ్గా చెప్పకపోవడానికీ కాగితం మీద ఒకే సున్నా పడుతుందని మాత్రం తెలిసింది. అధ్యాయం కింద చిన్న అక్షరాల్లో ఒక గమనిక వేస్తే సరిపోతుందని మా గైడ్ అన్నారు. నాకు మనసొప్పలేదు. సూచనలో "ఉల్టా" చేర్చి, ఉదాహరణ తిరిగి పెట్టి, వేరే నాలుగు బడుల్లో మొదటి నుంచి మొదలుపెట్టాను. ఆ తర్వాత ఏ పిల్ల మార్కూ ఏ హెడ్మాస్టరుకూ చూపించలేదు.

పోయినవి ఇవి. అరవై నాలుగు మంది పిల్లల రెండో భాగం మార్కులు. నలభై ఒక్క పేజీల అధ్యాయం. పరిశోధన గడువులో పదకొండు నెలలు. నాలుగో తరగతి భాగహారం నేర్చుకుంటున్నప్పుడు రెండో తరగతిలో గడిచిన ముప్ఫై ఎనిమిది బడి రోజులు. మొదటి మూడూ నావి, గడువు పొడిగించుకుని మళ్ళీ సంపాదించుకున్నాను. చివరిది నసీమ్‌ది.