డిపో గేటు పక్క వేపమొక్క

మా బస్సు డిపో గేటు పక్కన ఒక వేపమొక్క ఉండేది. ఎండలకు చుట్టూ గడ్డి మాడిపోయినా అది మాత్రం పచ్చగా నిలిచేది. ఎవరో దానికి పసుపు రాశారు, మరెవరో కుంకుమ పెట్టారు. పోచమ్మ మహిమ అన్నారు. డిపో అధికారి కూడా రోజూ కారు దిగగానే దణ్ణం పెట్టుకునేవాడు.

అక్కడ గుమాస్తాగా పనిచేసే నాకు మహిమ అన్న మాట వింటే ఒళ్ళు మండుతుంది. ఒక సాయంత్రం నిలబడి చూశాను. డ్యూటీ దిగిన మహిళా కండక్టర్లు, పొద్దున నింపుకెళ్ళిన నీళ్ళ సీసాలను ఆ మొక్క మొదట్లో వంపేసి పోతున్నారు. శామీర్‌పేట అవతల బస్సు తిరిగే చివరి స్టాపులో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదు. అందుకని ఎంత దూపైనా, గొంతు ఎండినా డ్యూటీలో వాళ్ళు నీళ్ళే తాగరు.

ఆ ఏడు కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఓర్చుకోలేక, దారిలో బస్సు ఆపించి, చర్చి ఆవరణలోని మరుగుదొడ్డికి వెళ్ళింది. బస్సు ఆలస్యమైందని ఎవరో ఫిర్యాదు చేశారు. మెమో వచ్చింది. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. విచారణలో తప్పు తేలితే ఇంటికే. పైగా యూనియన్లో సభ్యురాలు కాదు. చేరితే ఆఫీసర్ల కంట్లో పడతావని ఇంట్లో వద్దన్నారట.

మా యూనియన్ ప్రతినిధి కూడా కండక్టరే, నడివయసు మనిషి. విచారణలో ఆ అమ్మాయి తరఫున తాను మాట్లాడతానంది. క్యాంటీన్లో ఒక డ్రైవర్ అడ్డుపడ్డాడు.

"గా పిల్ల మన మెంబరే గాదు గదక్కా. గీ పరేషాన్ నీకెందుకు?"

"నిరుడు నీకు మెమో వచ్చినప్పుడు నువ్వు వేరే జెండా కింద ఉంటివి గద తమ్మీ. నేను రాలేదా?"

"అది వేరే ముచ్చటక్కా."

"అవ్, నీదైతే నొప్పి, గా పిల్లదైతే పరేషాన్. చాయ్ తాగు, సల్లగైతాంది."

విచారణలో చెప్పినవి రాసుకునే పని నాది. అధికారి చెడ్డవాడేం కాదు. "ఏం చేస్తామమ్మా, ఆడపుట్టుక అలాంటిది" అన్నాడు. కట్టించాల్సింది నాలుగు గోడలు. నేరం మాత్రం పుట్టుకది! నా కలం ఆగిపోయింది. ప్రతినిధి కోప్పడలేదు.

"ఒక్కసారి గేటు దాక రాండ్రి సార్. రోజు మొక్కుతరు గద, గీ అమ్మకు నీళ్ళెవరు పోస్తున్నరో సూడుండ్రి."

గేటు దగ్గర, అప్పుడే డ్యూటీ దిగిన ఇద్దరు ఆడవాళ్ళు అధికారిని చూసి జంకారు. ఆమె తల ఊపింది. నిండు సీసాలు గుడగుడమంటూ ఖాళీ అయ్యాయి.

"మహిమ గాదు సార్, మా దూప."

మూఢనమ్మకాల మీద ఎన్నో సభల్లో మాట్లాడాను, ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. ఇంత పొట్టిది, ఇంత గట్టిది మరొకటి వినలేదు.

మెమో రద్దయింది. మరుగుదొడ్డి మాత్రం అంత తేలిగ్గా రాలేదు. దాని కోసం గేటు ముందు ఎన్నో పొద్దులు మీటింగులు పెట్టాల్సి వచ్చింది. ఆ మీటింగుల్లో ముందు వరుసలో నిలబడ్డది, ఇంట్లో వద్దన్నా యూనియన్లో చేరిన ఆ అమ్మాయే.

మరుగుదొడ్డి వచ్చిన మరుసటి వేసవిలో మొక్క వాడుముఖం పట్టింది. పోచమ్మకు కోపమొచ్చిందని గుసగుసలు బయల్దేరాయి. ఆ అమ్మాయి తన ఖాళీ సీసాను తలకిందులు చేసి చూపించి పకపకా నవ్వింది. ప్రతినిధి బస్సులు కడిగే చోటి నుంచి బకెట్ నిండా నీళ్ళు పట్టుకొచ్చింది.

"పా పిల్లా, పోద్దాం. మనం తాగినం గద, ఇగ దీని వంతు."