కేసు తెలియని దేవుళ్ళు

అలమేలుమంగ అవ్వ మనుషుల మాట వినదు. తమిళనాడు ధర్మపురిలో బస్టాండు వెనక వీధిలో పూజసామాన్ల అంగడి నడిపే మనిషి కాబట్టి ఆమెకు నేరుగా దేవుళ్ళతోనే మాట. అంగడికి కొత్త షట్టరు వేయించాలన్నా, మోకాలికి సూది వేయించుకోవాలన్నా, ఆఖరికి పాత మిక్సీని మార్చాలన్నా అమ్మవారి గుడికి పోయి పూవు అడగాల్సిందే. ఒక కాగితంలో తెల్ల పూవు, ఇంకో కాగితంలో ఎర్ర పూవు పొట్లాలు కట్టి అమ్మవారి ముందు పెడతారు. ఒక చిన్నపిల్ల వచ్చి ఒక పొట్లం తీస్తుంది. తెల్లది వస్తే సరే అన్నట్టు, ఎర్రది వస్తే వద్దన్నట్టు.

అవ్వకు వచ్చేది తెల్లదే. ఎప్పుడైనా ఎర్రది వచ్చిందా, తీసిన పిల్ల చేతులు కడుక్కోలేదని తేలుతుంది. మళ్ళీ పొట్లాలు కట్టాలి. రెండోసారికి అమ్మవారు తప్పకుండా దారికి వస్తుంది. అవ్వ లంగా కట్టుకునే వయసు నుంచీ ఇదే వరస. అప్పట్లో పొట్లం తీసే చెయ్యి మాత్రం ఆమె చెల్లెలు చిన్నత్తాయిది. ఆ చేతిని కడుక్కు రమ్మని అవ్వ ఒక్కనాడూ అనలేదు. చిన్నత్తాయి మొదటిసారే తెల్లది తీసేది.

అలాంటి అవ్వ ఈ ఎండాకాలం ఏ దేవుణ్ణీ ఏమీ అడగలేని చిక్కులో పడింది.

దగ్గరి ఊరు ఇండూరులో ఉండే చిన్నత్తాయి మేడమెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆసుపత్రిలో లోపల ప్లేటు వేసి ఇంటికి పంపారు. చుట్టాలందరూ పళ్ళ సంచులతో పోయి చూసి వచ్చారు. అవ్వ ఒక్కతే పోలేదు. పోవడానికి లేదు. ఏడేళ్ళ కిందట ఒట్టు పెట్టుకుంది.

ఆ ఒట్టుకు కారణం ఒక ఫ్లెక్సీ బ్యానరు. చిన్నత్తాయి మనవడికి చెవులు కుట్టించిన రోజు మండపం ముందర బస్సంత బ్యానరు కట్టారు. కింది వరసలో మేనమామలు నల్ల కళ్ళద్దాలతో, మధ్యలో పిల్లవాడు కిరీటంతో, అందరికన్నా పైన మబ్బుల్లో మూడు గుండ్రటి ఫ్రేములు. మొదటి రెండింటిలో ఎప్పుడో పోయిన అమ్మానాన్నలు. మూడోదానిలో, పక్కన వెలిగే చిన్న దీపంతో సహా, అవ్వ. ఫోటో ఓటరు కార్డులోది. అందులో ఎంత బతికున్నవాళ్ళయినా సగం పోయినట్టే ఉంటారు కదా. ఆ వారమంతా అంగడికి జనం పరామర్శకు వచ్చారు. గల్లాపెట్టె వెనక నుంచి "ఏం కావాల?" అని అవ్వ తల ఎత్తేసరికి ఒకామె కెవ్వుమని అరిచి మెట్లు దిగేసింది.

"ఇంటికి పెద్దదానివని పైన పెట్టించినా," అంది చిన్నత్తాయి ఫోన్లో.

"పైన అంటే ఎంత పైనే? మబ్బుల్లోనా?"

"నీకు మర్యాద ఇచ్చినా తప్పే, ఇయ్యకపోయినా తప్పే!"

అవ్వ ఫోను పెట్టేసి, తిన్నగా గుడికి పోయి, వెలిగే కర్పూరం ముందు చెయ్యి చాచి, చిన్నత్తాయి తన నోటితో పిలిచేదాకా దాని గడప తొక్కనని చెప్పి వచ్చింది. ఆ సంగతి తరవాతి టౌను బస్సుకే ఇండూరు చేరింది. "నేనేమిటికి పిలవాల? వచ్చేది ఉంటే వస్తాది," అని చిన్నత్తాయి అక్కడ బిగుసుకుంది. బ్యానరు ఎప్పుడో చిరిగి ఎవరి పశువుల కొట్టం మీదనో కప్పు అయిపోయింది. ఒట్టు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇప్పుడు పోవచ్చునా అని అమ్మవారినే అడుగుదామంటే, ఒట్టు విన్నది ఆ తల్లే. ఏ మొహం పెట్టుకుని అడగడం? అదియమాన్‌కోట్టై భైరవుడి దగ్గరికి పోదామా అనుకుంది గానీ, ఇంత దగ్గర దగ్గరగా ఉండే దేవుళ్ళకు ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఉంటుందా?

సరిగ్గా అప్పుడే కొడుకు కూతురు నివేదిత బెంగళూరు నుంచి సెలవు పెట్టుకుని వచ్చింది. కంపెనీ పనితో పాటు ఆ పిల్ల టారో కార్డులు చూడడం కూడా నేర్చుకుంది. దళసరి బొమ్మల కట్ట. స్నేహితురాళ్ళు ఫోన్లో ప్రేమల గురించీ ఉద్యోగాల గురించీ అడిగితే, కార్డులు తీసి బొమ్మలు చూసి దారి చెబుతుంది. అవ్వ రెండు రోజులు ఓరకంట గమనించి, మూడోనాడు అంగడి వెనక గదిలో ఎదురుగా చతికిలబడింది.

"ఈ బొమ్మల్లో ఉండేవాళ్ళు ఎవురు పాపా? మన పక్కవాళ్ళా?"

"కాదవ్వా, ఫారిన్ వాళ్ళు."

"మన గుడి సంగతి వీళ్ళకు తెలుసునా?"

"వీళ్ళకు ఎట్ల తెలుస్తాది?"

"అట్లయితే వెయ్యి."

అవ్వ మొగుడు పెరుమాళ్ తాత తమిళ పేపరు కిందికి దించి చూశాడు. "చిలక ఏది?"

"నేనే చిలకను తాతా," అంది నివేదిత. తాత పేపరు మళ్ళీ పైకి ఎత్తాడు.

జరిగిందానికి ఒకటి, జరుగుతున్నదానికి ఒకటి, చేయవలసినదానికి ఒకటి, మొత్తం మూడు కార్డులు తీయించింది నివేదిత. మొదటిదానిలో ఇద్దరు పిల్లలు, పెద్దది చిన్నదానికి పూలు పెట్టిన చెంబు ఇస్తోంది.

"పాత రోజులవ్వా. మంచి జ్ఞాపకాలు."

"ఇచ్చేది నేను, పీక్కొనేది చిన్నత్తాయి. ఫారిన్ వాళ్ళకు కూడా తెలిసిపోయె చూడు."

రెండోదానిలో ఒకడు చెట్టు కింద చేతులు కట్టుకుని ముడుచుకు కూర్చున్నాడు. మబ్బులోంచి ఒక చెయ్యి గిన్నె చాపుతోంది. వాడు చూడడం లేదు.

"ఇది నువ్వు. ఎవరో ఇస్తాండారు, నువ్వు అలిగి తల తిప్పుకున్నావు."

"నేను కాదు, మీ తాత. కాఫీ ముందర పెట్టినా పేపర్లోంచి తల ఎత్తడు. మబ్బులు చూడు, మళ్ళా మబ్బులే! ఈ బొమ్మ గీసినోడే ఆ బ్యానరు కూడా వేసింటాడు."

మూడో కార్డు తిప్పేసరికి అవ్వ ముందుకు వంగింది. తెల్లగుర్రం మీద ఎముకల గూడు, చేతిలో నల్ల జెండా. గుర్రం కాళ్ళ ముందర మోకాళ్ళ మీద ఒక చిన్నపిల్ల. ఆ పిల్ల చేతిలో పూలు.

"దీనికి చావు అని అర్థం కాదవ్వా," అని నివేదిత తొందరగా అందుకుంది. "పాతది పోయి కొత్తది వస్తాది అని. నిజంగా."

అవ్వ గుర్రాన్ని చూడడం లేదు. పూలు పట్టుకున్న పిల్లనే చూస్తోంది. "చెయ్యి కడిగినావా నువ్వు?" అని అడిగింది. ఎప్పుడూ అనే మాటే, గొంతు మాత్రం ఎప్పటిది కాదు.

"కడిగినా."

"అయినా కొత్త వస్తువు. పూజ చెయ్యకుండా అడిగితే ఇట్లే ఏదో ఒకటి చెప్తాది." కట్ట మొత్తం లాక్కుని పూజ అరలో పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం అవ్వ కార్డులన్నీ ఒడిలో పోసుకుని, తమలపాకులు ఏరినట్టు ఒక్కొక్కటీ ఏరుతూ కూర్చోవడం తాత చూశాడు. చూసి, పేజీ తిప్పాడు.

మర్నాడు పొద్దున స్నానం చేసి, విబూది పెట్టుకుని, అవ్వ మళ్ళీ చతికిలబడింది. ఈసారి ఒక్క కార్డు చాలు, మూడైతే మూడు మాటలు చెబుతాయి అంది. నివేదిత కట్టను బోర్లా పరిచింది. అవ్వ కళ్ళు మూసుకుని, పెదాలు కదిలిస్తూ, చేతిని కార్డుల మీద ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పింది. మూసిన కళ్ళలో ఒకటి పూర్తిగా మూసుకోలేదు. చెయ్యి సూటిగా పోయి ఒక కార్డు మీద వాలింది. ఆ కార్డు వెనక మూలలో బొటనవేలంత పసుపు మరక ఉంది.

తిప్పి చూస్తే తేరు. కిరీటం పెట్టుకున్న మనిషి అందులో నిలబడి ఉన్నాడు.

"బయల్దేరమంటాండాది!" అంది అవ్వ, ఆశ్చర్యపోయి.

నివేదిత మరకను చూసింది, అవ్వ చేతిని చూసింది. పొద్దస్తమానం పసుపు కొలిచే చెయ్యి. ఎక్కడ పడితే అక్కడ అంటుతుంది, ఎవరేమనగలరు? నవ్వు బిగబట్టుకుని, "అవునవ్వా, పో అనే చెప్తాంది," అంది. "ఇంకొకటి కూడా చెప్తాంది. తేరుకు కట్టినవి చూడు, ఒకటి నల్లది, ఒకటి తెల్లది. చెరొక పక్కకు చూస్తాండాయి."

"నల్లది చిన్నత్తాయి."

"ఆయన చేతిలో పగ్గాలు లేవు, చూసినావా? పోయినాక నువ్వు పెత్తనం చెయ్యకూడదంట."

"అంత మాట ఆ బొమ్మలో యాడుండాది?" అంటూనే అవ్వ చీర మార్చుకోవడానికి లేచింది.

నివేదితతో టౌను బస్సు దిగి ఇండూరు వీధిలో నడుస్తుంటే అవ్వ కాళ్ళు మెల్లబడ్డాయి. పో అన్నది తేరే, సరే. గడప దగ్గరికి పోయాక? కార్డుల దేవుళ్ళకు ఆ ఒట్టు తెలియదు కాబట్టే వాళ్ళను అడిగింది. తెలియని వాళ్ళు దానికి దారి ఎట్లా చెబుతారు? చిన్నత్తాయి నోరు తెరిచి పిలవకపోతే, ఇంత దూరం వచ్చి వీధిలో నుంచే తిరిగి పోవాలి.

తీరా చూస్తే చిన్నత్తాయి మంచం గడప బయట ఉంది. ఇంటి ముందరి పంచలో, రేకుల కింద, పక్కన నడక స్టాండుతో.

"నువ్వైనా చెప్పు పెద్దత్తా," అని కోడలు కనిమొళి ఎదురొచ్చి మొదలుపెట్టింది. "ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి లోపల పడుకోను అంటాది. ఫ్యాను లోపల, ఈమె బయట. ఏమిటికి అంటే గాలి అంటాది. ఈ రేకుల కింద గాలి యాడుండాది?"

అవ్వ ఆ గడపను చూసింది, మంచాన్ని చూసింది. వచ్చి మంచం అంచున కూర్చుంది.

చిన్నత్తాయి కళ్ళు చిట్లించింది. "ఎవురమ్మా ఇది? మా అక్క మబ్బుల్లో కదా ఉండేది?"

"దిగి వచ్చినా. నీ తుంటి చూసి పోదామని."

"దీపం తెచ్చుకోలేదా?"

"నీ నోరు విరగలేదే, అది విరిగింటే ఎంత బాగుండు!"

ఇక ఇద్దరూ ఆగలేదు. పగ్గాల సంగతి అవ్వకు గుర్తే లేదు. మందులు ఎట్లా వేసుకోవాలో, కాలు ఎటు చాపాలో, రాగి జావలో ఉప్పు ఎంతో, అన్నీ చెప్పింది. కనిమొళి కాఫీ తెచ్చింది, ఇంకోసారి తెచ్చింది. రెండో లోటా అయ్యాక అవ్వ మాటలు తగ్గాయి. కాలు మీద కాలు వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. బాత్రూము ఇంటి వెనక ఉంది. అటూ ఇటూ ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉన్నాయి. దారి ఒక్కటే, గడప మీదుగా.

చిన్నత్తాయికి అంతా అర్థమైంది. "ఇంకొక లోటా తాగక్కా," అంది ప్రేమగా.

అవ్వ పళ్ళు బిగించి, "పాపా, ఆ కార్డులు తియ్యి," అంది. "చిన్నత్తాయి ఒకటి తియ్యనీ."

నివేదిత దుప్పటి మీద కార్డులు బోర్లా పరిచింది. చిన్నత్తాయి వాటిని ఒకసారి చూసింది. పసుపు మరక దగ్గర చూపు ఆగింది. తల ఎత్తి అక్కను చూసింది.

"ఇంకా మానలేదా నువ్వు?"

"ఏంది?"

"తెల్ల పూవు పొట్లానికి మూల మెలిపెట్టేది."

అవ్వ వీధిలోకి చూసింది. చిన్నత్తాయి చెయ్యి కార్డుల మీదికి పోయింది. మరక లేని ఒక కార్డు మీద వేలు పెట్టి ఆపింది. ఇంకోదాని మీద పెట్టి ఆపింది. అప్పుడు ఆ చెయ్యి చిన్నప్పటి లాగే నేరుగా పోయి, గుర్తు పెట్టినదాన్నే తీసింది.

"తేరు. లోపలికి రా అంటాండాది."

"కార్డు అంటాండాదా, నువ్వంటాండావా?" అడిగింది అవ్వ. ఆ అవస్థలో కూడా ఒట్టు ఒట్టే.

"నేనే అంటాండా. లోపలికి రా అక్కా. బిరీన పో, మంచం తడిపేస్తావు!"

కుడికాలు ముందు పెట్టాలనే ధ్యాస కూడా లేకుండా అవ్వ గడప దాటి లోపలికి ఉరికింది. చిన్నత్తాయి కార్డు మీది పసుపును చీరకొంగుతో తుడిచి చూసింది. పోలేదు. కోడలిని కేకేసింది.

"కనిమొళీ, ఈ మంచం లోపల వెయ్యమ్మా. ఈ ఎండకు చస్తాండా."