నిద్రపోయిన ఎడమ కాలు

జూరకన్ నిద్రలో భర్తను తన్నడం మొదలుపెట్టి మూడేళ్లయింది. అది ఉత్త తన్ను కాదు. ఎడమ కాలు మెల్లగా చాచి, దేన్నో అడుగంటా తొక్కి, ఒక్క క్షణం ఆగి, అంతే మెల్లగా వదిలేది. ఆ తొక్కే చోట భర్త బెర్ది పిక్క ఉండేది. కలలో ఆమె ఎక్కడికి పోతోందో తన పిక్కను బట్టి చెప్పగలనని బెర్ది అందరితో అనేవాడు. ఒకటో గేరు దగ్గర నొప్పి ఎక్కువట. నాలుగో గేరుకు వచ్చేసరికి అతనికీ కాస్త కునుకు పట్టేదట.

ఆమె కిర్గిజ్ దేశపు నారీన్ కొండల్లో మూడు ఊళ్లకు నర్సమ్మ. దగ్గుకు మందు, విరిగిన చేతికి కట్టు, కడుపుతో ఉన్నవాళ్లకు కాన్పు, అన్నీ ఆమే. ఆ లోయలో తనకంటే చిన్నవాళ్లందరికీ ఆమె ఎజే, అంటే అక్క. ఇరవై రెండేళ్లు ఆసుపత్రి జీపు నడిపింది. ఆ జీపుకు గేరు మారిస్తే అవతలి కొండ మీది గొర్రెలు తలెత్తి చూసేవి. చివరికి జీపు పొలం గట్టున మోకాళ్ల మీద కూలబడితే, మూడు ఊళ్లవాళ్లూ కలిసి రాజధాని బిష్కెక్ నుంచి ఒక పాత జపాను కారు తెచ్చి ఇచ్చారు. అది ఆటోమేటిక్. జీపుకు స్టీరింగ్ ఎడమవైపు ఉంటే దీనికి కుడివైపు. క్లచ్ లేదు, గేర్ల గొడవ లేదు. ఆమె కుడి సగం బండి నడుపుతుంటే, ఎడమ సగం చుట్టపుచూపుగా వచ్చినట్టు కూర్చుని కిటికీలోంచి మంచుకొండలు చూసేది. అలా చూస్తూ చూస్తూ నిద్రపోయింది. కాలుకు కలలు రావడం అప్పుడే మొదలైంది.

కారు వచ్చిన మొదటి చలికాలంలోనే ఎగువ ఊరి కోడలు ఐచురోక్‌కు తొలికాన్పు నొప్పులు వచ్చాయి. ఆ ఉదయం చలికి బ్యాటరీ బిగుసుకుపోయింది. పాత జీపైతే తాడు కట్టి గుర్రం చేత లాగించేవాళ్లు. పది బారలు పోయేసరికి ఇంజను దగ్గి లేచేది. ఈ కారునూ అలాగే లాగించారు. చక్రాలు తిరిగాయి, కారు కదిలింది, ఇంజను మాత్రం ఉలకలేదు, పలకలేదు. జూరకన్ గుర్రమెక్కి మంచులో పడి వెళ్లేసరికి బిడ్డ వచ్చి, వెళ్లిపోయింది. ఐచురోక్ వేడి టీ గిన్నె చేతికందించింది, అంతే. ఆ గిన్నె బరువు జూరకన్ చేతిలో ఇంకా అలాగే ఉంది.

మళ్లీ రెండేళ్లకు, గడ్డి కోతల వేళ, ఐచురోక్ నెల తప్పిందని కబురు వచ్చింది. జనవరిలో కాన్పు. మర్నాడే జూరకన్ కారు తీసుకుని కింద పట్నంలో మెకానిక్ ఎసెన్‌తుర్ షెడ్డుకు వెళ్లింది.

"దీని గేరు పెట్టె పీకేసి మామూలుది పెట్టు. క్లచ్ కావాలి."

ఎసెన్‌తుర్ నోట్లో రొట్టె నమలడం ఆపేశాడు. "లోకమంతా క్లచ్ వదిలించుకుని సుఖపడుతుంటే నువ్వు పెట్టించుకుంటానంటావేంటి ఎజే? పనిలేక కాలు దురద పెడుతోందా?"

"నా కాలి సంగతి తర్వాత. బ్యాటరీ చస్తే దీన్ని గుర్రంతో లాగించి లేపగలవా?"

"ఆటోమేటిక్‌నా? గుర్రం కాదు, రైలింజను కట్టినా లేవదు. చక్రాలు తిరిగిన కబురు ఇంజనుకి అందదు."

"క్లచ్ ఉంటే?"

"అందుతుంది."

"అయితే అందేటట్టు చెయ్యి. జనవరిలో ఐచురోక్ కనాలి."

అతను రొట్టె పక్కన పెట్టి, చేతులు తుడుచుకున్నాడు. ఆ మొదటి కాన్పు సంగతి కింద పట్నంలోనూ అందరికీ తెలుసు.

పెరట్లో తుక్కుగా పడి ఉన్న అదే రకం కారు నుంచి గేరు పెట్టె, క్లచ్, మూడు పెడళ్లు ఊడదీశాడు. ఆరు రోజులు కారు కిందే కాపురం పెట్టాడు. గేరు కడ్డీ పైకి రావడానికి కారు నేలకు కన్నం కొట్టాల్సి వచ్చింది. ఆ కన్నంలోంచి లోయలోని గాలంతా లోపలికి వచ్చేది. జూరకన్ తన తల్లి కుట్టిన పాత ఉన్ని తివాచీలో ఒక ముక్క కత్తిరించి, కడ్డీ చుట్టూ తొడుగు కుట్టింది. పొట్టేలు కొమ్ముల ముగ్గు సరిగ్గా గేరు గుండు కిందికి వచ్చింది. "జపానువాళ్లు చూస్తే సిగ్గుపడి చస్తారు" అన్నాడు ఎసెన్‌తుర్, ఎంతో గర్వంగా.

అంతా బాగానే ఉంది, ఎడమ కాలే లేవలేదు. పైగా గేరు ఇప్పుడు ఎడమ చేతికి వచ్చింది. జీపులో ఆ పని కుడి చేతిది. చెయ్యి ఒకటంటే కాలు ఇంకోటనేది. కారు కప్పలా గెంతి ఆగిపోయేది. అంగడి ముందు ముసలాళ్లు "ఎజే, దాణా ఎక్కువైనట్టుంది, కాస్త తగ్గించు" అని అరిచేవాళ్లు. విచిత్రమేమంటే, రాత్రిళ్లు బెర్ది పిక్క మీద మాత్రం ఆ కాలు ఒక్క పొరపాటూ చేసేది కాదు.

జనవరిలో ఒక ఉదయం ఐచురోక్ అత్త ఫోన్ చేసింది. నొప్పులు మొదలయ్యాయి. బయట ఊపిరి వదిలితే అది గడ్డకట్టి కింద రాలుతోంది. తాళం తిప్పితే కారులో దీపాలు మిణుగురుల్లా మెరిశాయి, ఇంజను తిరగలేదు. బెర్ది తోరుకు పట్టెడ తొడిగి, కారుకు తాడు కట్టాడు. తోరు వాళ్ల ఎర్ర గుర్రం. ఇంటి ముందు చదును దారి రెండు వందల గజాలే. ఆ తర్వాత ఎత్తు. ఎత్తు మీదికి ఏ గుర్రమూ కారును లాగలేదు.

బెర్ది ఎక్కి అదిలించగానే తోరు లాగింది. జూరకన్ రెండో గేరు వేసి, క్లచ్ ఠక్కున వదిలింది. చక్రాలు బిగుసుకున్నాయి. తాడు ఝల్లుమంది. బెర్ది గుర్రం మెడ మీదికి దొర్లాడు. సగం దారి అయిపోయింది.

"ఏం చేస్తున్నావే బైబిచే?" అని అరిచాడు బెర్ది. కోపం వచ్చినా, ముద్దు వచ్చినా ఆమెను బైబిచే, అంటే ఇంటిపెద్దమ్మా అనే పిలుస్తాడు. "మూడేళ్లుగా నా పిక్క నలగ్గొట్టావు కదా! అలా తొక్కు!"

"అది నిద్రలో కదయ్యా!"

"అయితే నిద్రపో!"

ఆమె కళ్లు మూసుకుంది. తాడు మళ్లీ బిగిసింది. చక్రాల కింద మంచు కిర్రుకిర్రుమని జోల పాడింది. ఎక్కడో లోపల నుంచి ఎడమ కాలు లేచి, అడుగంటా తొక్కి, ఒక్క క్షణం ఆగి, వెన్న జారినట్టు వదిలింది. ఉన్ని తొడుగు కింద ఏదో ఒళ్లు విరుచుకుంది. ఇంజను దగ్గి, తుమ్మి, పాడసాగింది.

ఆపితే మళ్లీ లేవదేమోనని ఆమె ఆపలేదు. ముందు ఏమీ కనబడడం లేదు, పొగమంచులో ఊగుతున్న ఎర్ర తోక తప్ప. తోరు దుడుకుగా నడుస్తోంది. వెనక కారు పోతోంది. మధ్యలో తాడు నేలను రాసుకుంటోంది. ఎగువ ఊరిదాకా ఏడు కిలోమీటర్లూ అది ఒక్కసారీ బిగియలేదు. నేల ఎక్కడ ముగిసిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియని తెలుపులో, ఒక తోక వెంట ఒక కారు ఈదుకుంటూ వెళ్లింది. రెండు, మూడు, మళ్లీ రెండు. చెయ్యీ కాలూ పాత స్నేహితుల్లా మాట్లాడుకుంటూనే ఉన్నాయి. జూరకన్ ఎప్పుడు కళ్లు తెరిచిందో ఆమెకే గుర్తు లేదు.

ఎగువ ఊరివాళ్లు మాత్రం తమకు కనబడిందే నమ్మారు. బెర్దిగారి గుర్రం కారును కొండ మీదికి లాక్కొచ్చిందని ఈ రోజుకీ ప్రమాణం చేస్తారు. తోరు దాన్ని ఖండించలేదు.

ఐచురోక్ ఆమె చెయ్యి పట్టుకుంది. "వచ్చావా ఎజే?"

"ముందే వచ్చాను తల్లీ, ఈసారి నీ బిడ్డే ఆలస్యం."

మధ్యాహ్నానికి ఆడపిల్ల. మొదటి ఏడుపుకే పొయ్యి మీద గిన్నె మూత అదిరింది. అత్త ఆచారం ప్రకారం పిల్ల పెదాలకు వెన్న రాసింది. ఐచురోక్ తానే మంచం మీద నుంచి చెయ్యి చాచి జూరకన్‌కు టీ గిన్నె అందించింది. గిన్నె తేలిగ్గా ఉంది.

మాంసం తిన్నాక జూరకన్, బెర్ది పొయ్యి పక్కన పరిచిన పరుపు మీద వాలారు. ఆమెకు వెంటనే నిద్ర పట్టింది. బెర్ది అలవాటు ప్రకారం పిక్క బిగబట్టి ఎదురు చూశాడు. ఎంతసేపటికీ తన్ను పడలేదు. కంగారుపడి లేచి, ఆమె ఎడమ పాదం పట్టుకు చూశాడు. వెచ్చగా ఉంది, కదలకుండా ఉంది. పగలంతా పని చేసి అలసినవాళ్లు పడుకున్నట్టు, కలల్లేకుండా పడుకుంది.

ఆ మధ్యాహ్నం బెర్దికి మాత్రం ఎంతకీ కునుకు పట్టలేదు.