అరగంటమ్మకు దొరకని నరం

ఆ ల్యాబులో రక్తం తీసే పెద్దావిడకి ఒకటే పట్టుదల. ఎంత తొందరలో ఉన్న ఆడమనిషైనా సరే, కిటికీ పక్కన కుర్చీలో అరగంట ఊరికే కూర్చుంటే తప్ప ఆవిడ సూది ముట్టుకోదు. ఊరికే అంటే నిజంగానే ఊరికే. ఫోను చూడకూడదు, సంచి సర్దకూడదు, ఇంట్లో పనుల గురించి నోరెత్తకూడదు. ఎత్తితే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ఒక టీచరమ్మ దిద్దాల్సిన పేపర్లు, ఉతకాల్సిన బట్టలు, కట్టాల్సిన బిల్లులు వరసగా పైకి అనేసి రెండుంబావు గంటలు కూర్చుందని చెప్పుకుంటారు. ఆవిడ అసలు పేరు ఎప్పుడో మరుగున పడింది. అందరికీ ఆవిడ అరగంటమ్మే.

భార్యని అడిగిన ప్రశ్నలన్నిటికీ తానే జవాబు చెబుతున్న ఒక భర్తని కూడా ఆవిడ పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. పది నిమిషాల్లో ఆయన గుర్రు పెట్టాడు. తల గోడకి కొట్టుకుంటుందేమోనని భార్య చెయ్యి అడ్డం పెట్టింది. అదీ పనే అని అరగంటమ్మ ఆ ఇల్లాలి లెక్క మళ్ళీ మొదలుపెట్టింది.

ఇవేవీ తెలియకుండానే కుట్టుమిషన్ల వర్క్‌షాపు సూపర్‌వైజరు ఒక గురువారం ఉదయం ఏడున్నరకి ఆ గుమ్మం ఎక్కింది. ఆమె కింద నలభై మిషన్లు, ఆమె నెత్తిన మేనేజరు, ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఐదు నెలలుగా నెలసరి లేదు. దువ్వితే దువ్వెన నిండా జుట్టు. తెల్లారకుండానే మెలకువ వస్తే మళ్ళీ కునుకు పట్టదు. అత్తగారేమో మనవరాలు వస్తోందనుకుని బుల్లి మేజోళ్ళు అల్లడం మొదలుపెట్టింది. గర్భం కాదని మూడుసార్లు పరీక్ష చేసి చూపించినా ఆవిడ అల్లిక ఆపలేదు. చివరికి డాక్టరమ్మ థైరాయిడ్‌తో పాటు ప్రొలాక్టిన్, కార్టిసాల్ పరీక్షలు కూడా రాసింది.

అరగంట కూర్చోమనగానే సూపర్‌వైజరుకి ఒళ్ళు మండింది. ఎనిమిదిన్నరకి లైను మొదలుపెట్టాలని, తను లేకపోతే కాలర్లన్నీ వంకరగా వస్తాయని చెప్పుకుంది. అరగంటమ్మ శాంతంగా విని ఫోను తీసుకుని సొరుగులో పెట్టింది. పావుగంట గడిచాక వచ్చి ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది.

“నువ్వు కూర్చున్నావు గానీ నీ కాలు ఇంకా కుడుతూనే ఉందమ్మా.”

చూసుకుంటే నిజమే. పాదం నేల మీద టకటకా ఆడుతోంది. ఇంతలో సొరుగులో ఫోను మోగింది. మేనేజరు. అరగంటమ్మే ఎత్తి, ఆవిడ పరీక్షలో ఉన్నారని చెప్పింది. ఏం పరీక్ష అని ఆయన అడిగాడు.

“కూర్చోవడం.”

 పాసవుతుందా అని ఆయన అడిగాడు.

“కష్టంగానే ఉందండీ” అని ఆవిడ ఫోను పెట్టేసింది. సూపర్‌వైజరుకి నవ్వాగలేదు. ఆ నవ్వుతోనే కాలు ఆగింది. మరో అరగంటకి సూది ఒక్క పోటులో నరాన్ని పట్టుకుంది.

థైరాయిడ్ బాగానే ఉంది, ప్రొలాక్టిన్ బాగానే ఉంది. కార్టిసాల్ మాత్రం ఉండాల్సిన దానికంటే కాస్త ఎక్కువుంది. డాక్టరమ్మ ఇంకేవో చూసి, పెద్ద జబ్బేమీ లేదని తేల్చింది.

“గండం వచ్చినప్పుడు తట్టుకోవడానికి ఒళ్ళు ఈ కార్టిసాల్‌ని ఎక్కువగా వదులుతుంది. గండం గడిచాక తగ్గిపోవాలి. మీకేమో గండం రోజూ ఎనిమిదిన్నరకి మొదలవుతోంది. ఒళ్ళు మిమ్మల్ని నిలబెట్టే పనిలో పడి నెలసరిని పక్కన పెట్టింది.”

వేళకి తినమని, నిద్రపొమ్మని, విశ్రాంతి తీసుకోమని, మూడు నెలల్లో మళ్ళీ రమ్మని చెప్పింది. సూపర్‌వైజరు తలూపింది. ఇలాంటి మాటలకి తలూపడం ఆమెకి కొట్టిన పిండి.

అరగంటమ్మ మాత్రం రిపోర్టు చూసి, ఇది వారం వారం కనిపెట్టి ఉండాల్సిన వ్యవహారమని, ప్రతి గురువారం రావాలని ఖరాఖండీగా చెప్పింది. విశ్రాంతికి సెలవివ్వని మేనేజరు రక్తపరీక్షకి అడ్డు చెప్పలేకపోయాడు.

మరుసటి గురువారం అరగంట కూర్చోబెట్టాక ఆవిడ జబ్బకి పట్టీ కట్టి, మోచేతి మడతలో వేలితో తట్టి, నరం దొరకడం లేదు, వచ్చేవారం చూద్దామంది. ఆ పై వారమూ దొరకలేదు. పస్తుంటే నరం పైకి తేలదట. సూపర్‌వైజరు పొద్దున్నే తినడం మొదలుపెట్టింది. నిద్ర చాలకపోయినా నరం దాక్కుంటుందట. పిల్లల సంచులు సర్దే పని భర్తకి అప్పగించి ఆమె తొందరగా పడుకుంది. కోడలి నరం కోసం అత్తగారు అల్లిక పక్కన పెట్టి వంటింట్లోకి దిగింది. ఇంటిల్లిపాదీ ఆ ఒక్క నరానికి సేవలు చేశారు. పదో వారానికి నెలసరి వచ్చింది, నరం మాత్రం రాలేదు.

మూడు నెలల గడువుకి సూపర్‌వైజరు వెళ్ళి డాక్టరమ్మకి ఈ కబురు చెప్పి, వారం వారం పరీక్ష ఇంకెన్నాళ్ళని అడిగింది. ఆవిడ తెల్లబోయింది. అలాంటిది తను రాయనే లేదంది. అసలు ముందుగా కూర్చోవడం ఒకటి రెండు పరీక్షలకే పనికొస్తుందని, అరగంటమ్మ హిమోగ్లోబిన్‌కి కూడా కూర్చోబెడుతుందని చెప్పి నవ్వింది.

సూపర్‌వైజరు తిన్నగా ల్యాబుకి వెళ్ళింది.

“మొదటిసారి ఒక్క పోటుకి దొరికిన నరం ఇన్నాళ్ళూ ఏమైపోయిందమ్మా?”

అరగంటమ్మ సూదుల పెట్టె సర్దుతూ, విశ్రాంతి తీసుకోమని డాక్టరమ్మ చెబితే తీసుకున్నావా అని అడిగింది. లేదని ఒప్పుకుంది సూపర్‌వైజరు.

“పరీక్షంటే వచ్చావు. ఒక్క వారం తప్పలేదు. మన ఆడవాళ్ళకి ఊరికే కూర్చోమంటే సిగ్గు. ఏదో ఒక పని పేరు చెప్పాలి కదమ్మా.”

కోపం తెచ్చుకుందామని వచ్చిన మనిషి అది ఎక్కడ పెట్టిందో మరిచిపోయింది.

మరుసటి గురువారం ఆమె ఒంటరిగా రాలేదు. వెంట తన లైనులో కుట్టే ఇద్దరు ఆడవాళ్ళున్నారు. ఒకామెకి నెలలో సగం రోజులు తలనొప్పి. ఇంకొకామె నిద్రపోయి ఎన్నాళ్ళయిందో ఆమెకే తెలియదు. వీళ్ళకేం పరీక్షలు రాశారని అరగంటమ్మ అడిగింది.

“రేపు డాక్టరమ్మకి చూపిస్తున్నాను. ఈలోగా మీరు మొదలుపెట్టండి.”

అరగంటమ్మ కళ్ళద్దాల మీదుగా ఇద్దరినీ చూసింది. తిన్నగా ల్యాబు యజమాని గదిలోకి వెళ్ళి, పెద్దమనుషుల కోసం ఉంచిన మెత్తటి కుర్చీలు రెండూ ఈడ్చుకొచ్చింది. ఆయన ఏదో అనబోయి, ఆవిడ తన మొహంకేసి కూడా అలాగే కళ్ళద్దాల మీదుగా చూడటం గమనించి, ఎక్కడ తననీ కూర్చోమంటుందోనని మెల్లగా తలుపేసుకున్నాడు.