శివరాత్రి వరుసలో ఉల్లిపూలు

మొన్న శివరాత్రినాడు నన్ను గుడి వరుసలోంచి బయటికి పంపించేశారు. ఏది ముందు జరిగిందో, ఏది తరువాతో ఇప్పుడు ఖచ్చితంగా చెప్పలేను. నాకు గుర్తున్న క్రమం మా ఆవిడకు గుర్తున్న క్రమంతో కలవడం లేదు. బహుశా ఆవిడదే నిజం. అయినా చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

బరంపురంలో, గోసాని నువాగాంలోని మా ఇంటి పెరట్లో ఉల్లి వేశాను. వంటింట్లో మొలకెత్తిన పాత గడ్డలనే పాతాను. అలా పాతితే గడ్డ ఊరదనీ, బలమంతా పువ్వుకే పోతుందనీ నాకు తెలియదు. ఒక ఉదయం చూద్దును కదా, మోకాలెత్తు కాడల చివర తెల్లని గుండ్రని పూలు! కాఫీ చల్లారిపోయేదాకా చూస్తూ నిలబడ్డాను.

"పువ్వు కూరొండుకుంటారేటి? ఆ కాడలు తుంచీండి," అంది మా ఆవిడ. నేను తుంచనివ్వలేదు.

పండగకు సోనేపూర్ నుంచి అత్తయ్య వచ్చింది. చేపల వ్యాపారంలో జీవితం గడిపిన మనిషి; ఉల్లి ఆవిడకు బజారులో బస్తాల్లో కనిపించేదే గాని, పువ్వు పూసేది కాదు. పుస్తకాలు తిరగేయడం తప్ప మరే పనీ చేతకాని అల్లుడినని నా మీద ఆవిడకు స్థిరమైన అభిప్రాయం.

గుడి వరుసలో నా ముందు నిలబడ్డాక ఆవిడ బుట్ట మీది గుడ్డ తీసింది. పెరట్లోని ఉల్లిపూలన్నీ అందులో ఉన్నాయి. ఉపవాసం రోజున ఉల్లి పేరైనా ఎత్తని మనిషి, శివుడికి ఉల్లి తెచ్చింది.

"మా అల్లుడు పెంచినాడమ్మా," అని పక్కావిడకు చూపిస్తోంది. "ఎంత తెల్లగున్నాయో సూడు. సామికి తెలుపే కదా ఇష్టం."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ నన్ను పొగడగా వినడం అదే మొదలు. నిజం చెబితే ఆ పొగడ్త పోతుంది, ఆవిడ భక్తి నలుగురిలో నవ్వులపాలవుతుంది. చెప్పకపోతే ఉల్లి లింగం మీదికి ఎక్కుతుంది.

అంతలో ముందున్న పెద్దాయన ముక్కు ఎగబీల్చి, "పియాజ గంధ," అన్నాడు. ఉల్లి వాసనన్న మాట వరుసంతా పాకింది. అత్తయ్య వెనక్కి తిరిగింది.

"ఎవుడ్రా ఉపోసం పూట ఉల్లిపాయ తినీసి వొచ్చినోడు?"

"నేనే, అత్తయ్యా," అన్నాను.

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ఏటి బాబూ, ఒక్క పూట ఆగనేకపోనారా? సదువుకున్నోరు కదా."

"తిన్న చేత్తోనే ఆ పూలను ముట్టుకున్నాను. అవి ఇటిచ్చేయండి, మారేడు పత్రి కొని పంపిస్తాను."

ఆవిడ పూలన్నీ నా కండువాలో కుమ్మరించి, "ముందు బయటికెల్లండి," అంది. జనం నాకు దారి ఇచ్చినట్టు మంత్రిగారికి కూడా ఇవ్వరు.

బయట పత్రి అమ్మే ఆమె నా కండువాకేసి చూసి, వాసన పట్టి, "ఇవి కూరల బజారుకు పట్టుకెల్లండి బాబూ," అంది. పత్రి మాత్రం లోపలికి చేర్పించాను. అత్తయ్య పూజ నిర్విఘ్నంగా జరిగింది. నా అపరాధం సాయంత్రానికి సోనేపూర్ చేరింది.

ఇదంతా త్యాగంలా వినిపిస్తే, అలా వినిపించాలనే ఒక సంగతి కావాలని వదిలేశాను. ఆ ఉదయం అత్తయ్య స్నానానికి వెళ్లగానే, నేను పెరట్లో లేత ఉల్లాకు తుంచుకుని, అటుకుల్లో కలుపుకుని తిన్నాను. వాసన బుట్టదో, నాదో ఇప్పటికీ తేలలేదు.