ఆఖరి కార్డు

1974 ఆగస్టు, శుక్రవారం సాయంత్రం. నాంపల్లిలో మా కాలేజీ వసారా. ఉన్నవాళ్లు: యాదగిరి, నేను.

ఆ రోజు డైరీలో వాన పడిందని మాత్రమే రాశాను. మిగతాది ఇన్నేళ్లుగా గుండెలో బండలా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మేము కంప్యూటర్ క్లాసులో మొదటి సంవత్సరం. ప్రోగ్రాంలో వరుసకొక అట్టకార్డు. రంధ్రాలు కొట్టిన కార్డుల కట్టలు సాయంత్రం మిషిన్ ఉన్నచోటికి పోయేవి, ఫలితం మర్నాడు వచ్చేది. మూడుసార్లు తప్పితే క్లాసు నుంచి తీసేసేవారు. ఇద్దరికీ రెండుసార్లు అయిపోయాయి. నేను ఆబిడ్స్‌లో బట్టల దుకాణం వారి అబ్బాయిని; తప్పినప్పుడల్లా చచ్చిపోయేవాణ్ని. పల్లె నుంచి వచ్చిన యాదగిరి నవ్వేవాడు. "ఎన్నిసార్లు పడగొడ్తదో గొట్టనీ సేటూ, గీ మిషిన్ సంగతి నేను జూస్త."

ఆ సాయంత్రం రిక్షా సీటు తడికి నా కట్టలో అడుగు కార్డు మెత్తబడింది. తడి కార్డును మిషిన్ తీసుకోదు. కార్డులు కొట్టే గదికి తాళం పడింది. ప్రోగ్రాం ముగిసిందని చెప్పే ఆ ఆఖరి కార్డు అందరికీ ఒకటే. యాదగిరి తన కట్ట బల్ల మీద పెట్టి నీళ్లు తాగడానికి వెళ్లాడు. అతని ఆఖరి కార్డు తీసి నా కట్టలో పెట్టుకున్నాను.

భయమా? అవును. కానీ అది సాకు. పడి లేవడం అలవాటైనవాడు కదా, ఇంకోసారి లేస్తాడులే అనుకున్నాను. ఎంత నీచమైన ఆలోచన!

శనివారం లెక్చరర్ యాదగిరి ఫలితం కాగితం ఎత్తి చూపించాడు. ఆఖరి కార్డు లేదు; అతనికి అది మూడోసారి.

"పెట్టిన సార్. నా చేతితోని పెట్టిన."

"పెడితే ఏమైందయ్యా, మిషిన్ తిన్నదా?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. సాయంత్రం మొజంజాహీ మార్కెట్ దగ్గర యాదగిరి నన్ను ఆపి అడిగాడు. "నేను పెట్టిన గదా? నువ్వు జూసినవ్ గదా?"

"చూడలేదు" అన్నాను.

తర్వాత నేనూ పాఠాలు చెప్పాను. పల్లె పిల్లలకు ఆత్మవిశ్వాసం తక్కువని తోటి మాస్టర్లు అంటుంటే తలూపాను. తక్కువా? ఉన్నదాన్ని లాక్కున్నదెవరు? నేను. క్షమించమని అడగడం లేదు. రాసినందుకు కాస్త ఊపిరాడుతోంది. అలా ఆడినందుకూ నా మీద నాకు కోపమే.

ఆ శనివారం మర్నాడు పొద్దున, వానలో, నాంపల్లి స్టేషన్‌లో, ఊరికి తిరిగి పోతూ యాదగిరి తన ఖాళీ కార్డులన్నీ నా చేతిలో పెట్టాడు.

"నీకు పనికొస్తయ్ సేటూ. నా చేతి మీద నాకే నమ్మకం లేకుంటైంది."

బండి కదిలింది. కార్డులు తడవకుండా చొక్కాలో దాచుకుని ఇంటికి వచ్చాను.