దీదీ తోమిన అట్ల పెనం

మా అట్ల పెనం గోల్కొండ కోటలో పేలకుండా మిగిలిపోయిన ఫిరంగిని కరిగించి పోసింది. పోస్తుండగా అందులోకి నవాబుగారి వెండి పన్నీరుబుడ్డి జారిపడింది. అందుకని పైకి ఎంత నల్లగా కనబడినా అడుగున వెండి ఉంది.

ఇదంతా దీదీకి చెప్పింది నేను. దీదీ అంటే రోజూ పొద్దున్న ఏడింటికి మా నోయిడా ఫ్లాటుకొచ్చి, గిన్నెలు తోమి, ఇల్లు తుడిచి వెళ్ళే బీహారు దర్భంగా ఆవిడ. అరవై దాటి ఉంటాయి. నన్ను భయ్యా అంటుంది. మా ఆవిడ పోయి మూడేళ్ళయింది. అప్పటినుంచి ఆ ఇంట్లో నాతో మాట్లాడే మనిషి దీదీ ఒక్కర్తే. పనైపోతే వెళ్ళిపోతుంది కదా, అందుకని టీ ఇచ్చి కూర్చోబెట్టేవాణ్ణి. టీ నెమ్మదిగా తాగాలంటే కథ ఉండాలి. మా ఊళ్ళో చేపలు చెట్లెక్కడం, మా తాత పులికి ఎక్కాలు నేర్పడం అయిపోయాక పెనం వంతు వచ్చింది.

నిజానికి అది పెళ్ళయిన కొత్తలో, కాకినాడలో ఇనప సామాన్ల కొట్లో మా ఆవిడ ఏరుకున్న మామూలు పెనం. ఇరవయ్యారేళ్ళ పాటు, సగానికి కోసిన ఉల్లిపాయని నూనెలో ముంచి, అట్టుకీ అట్టుకీ మధ్య దాన్ని రుద్దుతూనే ఉంది. పోనుపోను నల్లరాయిలా నున్నగా తేలింది. పిండి పోస్తే చాలు, అంచులు వాటంతట అవే లేచేవి. ఆవిడ పోయాక, వంట చేతకాని నా చేతికి కూడా లేచేవి.

పోయిన వానాకాలంలో ఆఫీసు పని మీద నాలుగు రోజులు చండీగఢ్ వెళ్ళాను. తాళంచెవి దీదీ దగ్గరే ఉంటుంది. తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే వంటింట్లోంచి కేకేసింది.

"కళ్ళు మూసుకుని రండి భయ్యా!"

మూసుకుని వెళ్ళాను. తెరిచేసరికి ఆవిడ చేతుల్లో పెనం. అప్పుడే గీయించిన గుండులా మెరుస్తోంది.

"సోడా వేసి నానబెట్టాను. ఒక రోజు పీచుతో, మూడు రోజులు గరుకు కాగితంతో. ఈ వేళ్ళు చూడండి! వెండి మాత్రం రాలేదు. మీ నవాబు మీ తాతల్ని బాగా ముంచాడు."

పెనం మీద వేలితో రాసి చూశాను.

"అరే, మొహం అలా పెట్టారేం?"

"ఆ నలుపు మురికి కాదు దీదీ."

"మరేంటి?"

"మీ భాభీ రాసిన నూనె."

ఇంకో కథ మొదలెట్టాననుకుని నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. పెనాన్ని మెల్లగా గట్టు మీద పెట్టింది. "మా ఇంట్లో తవా నల్లగా ఉంటే అత్తగారు తిండి పెట్టేది కాదు," అంది. రొట్టెల తవా సంగతి అంతే. పొడి పిండి చల్లి వత్తిన రొట్టె కాబట్టి, ఎంత తోమినా అంటుకోదు. అట్ల పెనాన్ని తోమకూడదని ఆవిడకి ఎవరు చెప్పాలి? చెప్పాల్సినవాణ్ణి నేను, ఫిరంగులు పేలుస్తూ కూర్చున్నాను.

నా ఉద్యోగం సర్కారు ప్రయోగశాలలో పెయింట్లు పరీక్షించడం. తలుపుకి రాసిన అవిసె నూనె ఎందుకు గట్టిపడుతుందో, పెనం మీద నూనె కూడా అందుకే గట్టిపడుతుంది. నూనె అణువులు పొడుగాటి గొలుసులు. ఆ గొలుసుల్లో కొన్ని చోట్ల కార్బన్లు ఒకదాన్నొకటి రెండేసి బంధాలతో పట్టుకుని ఉంటాయి. వేడి తగిలి, గాలిలో ఆక్సిజన్ సోకితే ఆ చోట్ల దగ్గరే గొలుసూ గొలుసూ ముడిపడి వలలా అల్లుకుంటాయి. ఇక అది నూనె కాదు. కారదు, మామూలుగా కడిగితే పోదు. ఇనుము అలా కాదు. లోపలి పరమాణువులన్నీ తమ ఎలక్ట్రాన్లని ఉమ్మడిలో వేసుకుని హాయిగా ఉంటాయి, వేడిని ఒకదానికొకటి చప్పున అందించుకుంటాయి. పైవరసలో ఉన్నవాటికి మాత్రం ఒక పక్క ఎవరూ ఉండరు. అందుకని దగ్గరికొచ్చినదాన్నల్లా పట్టుకుంటాయి, తడిగాలినైనా, అట్ల పిండినైనా. నూనె వల పరిచి ఉన్నంత కాలం వాటికి పిండి అందదు.

ఆ పూట వేసిన అట్టు పెనాన్ని వదల్లేదు. గీకితే ముక్కలైంది. సాయంత్రానికి పెనం నిండా నారింజరంగు తుప్పు.

మర్నాడు దీదీ ఇంటి నుంచి సీసాలో ఆవనూనె తెచ్చింది. "పోగొట్టింది నేను, పెట్టేదీ నేనే. ఎలాగో చెప్పండి." పల్చగా రాయాలి, పొగ వచ్చేదాకా కాల్చాలి, చల్లార్చి మళ్ళీ రాయాలి. రోజుకి మూడు పూతలు, ఆఖర్న ఒక అట్టు. ఇల్లంతా ఘాటు. ఎదురింటి ఆంటీ తలుపు కొట్టి ఏం తగలబడుతోందని అడిగితే, మా ఆంధ్రా వాళ్ళ హోమం అన్నాను. దణ్ణం పెట్టుకుని వెళ్ళింది.

కానీ నా మనసు ఆ పనిలో లేదు. అట్టు లేస్తోందంటే మా ఆవిడ చెయ్యి ఇంకా పెనం మీద ఉందని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. నేను అల్లిన కథలన్నిటిలోకీ నేను నమ్మింది అదొక్కటే. లాబ్‌లో బుద్ధి తెలిసిన దగ్గర్నుంచీ ఉన్నవాణ్ణి, నూనె తనని ఎవరు రాశారని అడగదని నాకు తెలీదా? వేడీ, గాలీ, కాస్త ఓపికా ఉంటే ఎవరి చేతికైనా అవే ముడులు పడతాయి. పడకూడదని కోరుకున్నాను. దీదీ పక్కన నిలబడి సరైన సలహాలే ఇస్తూ, అట్టు లేవకూడదని కోరుకున్నాను. రోజూ అది అంటుకుని చిరిగిపోతుంటే దీదీ తల పట్టుకునేది. నాకు లోపల చల్లగా ఉండేది.

తొమ్మిదో రోజు పిండి దీదీయే పోసింది. నేను అట్లకాడ పట్టుకుని నిలబడ్డాను. అంచు కదిలింది. ఇంకాస్త కదిలింది. అట్లకాడ తగలకముందే అట్టు చుట్టూ లేచి నిలబడింది.

"హో గయా భయ్యా!"

"లేదు. కొంచెం అంటుకుంది."

పెనం మీదికి వంగి చూసింది. "ఎక్కడ?"

"కంటికి కనబడదు. పరమాణువంత."

పెనాన్ని చూసింది, నన్ను చూసింది. "ఝూఠే," అంది. అబద్ధాలకోరని అంత మెత్తగా నన్నెవరూ అని చాలా కాలమైంది. అట్టు తీసి నా పళ్ళెంలో వేసింది.

"చల్లారకముందే తినండి."

గరిటెడు పిండి తీసి రెండోది పోసింది. అదీ లేచింది.